జెముడూ, జెముడుకాకీ

మా వీధిలో ఇంటి చుట్టూ జెముడు నాటుకున్నది నేనొక్కదాన్నే. ఎవరైనా మల్లె పెట్టుకుంటారు, మందారం పెట్టుకుంటారు, ఏమీ లేకపోతే ఒక కరివేపాకు చెట్టన్నా పెట్టుకుంటారు. నేను పనిగట్టుకుని కాలువ గట్టు మీది నుంచి కాడజెముడు కొమ్మలు ఏరుకొచ్చి వరసగా గుచ్చాను. ఎదురింటి ఆమె చూసి, "ఏందమ్మా నర్సమ్మా, పాడుబడిన కొంపల్లో మొలిసేదాన్ని నువ్వు ఏరికోరి పెట్టుకుంటాండావే" అంది. "మా కొంప పాడుబడి ఏడాది కావస్తోందిలే, ఇంక కొత్తగా పడేదేముంది" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అన్న చెప్పీ చెప్పీ అలిసిపోయాడు కానీ, నా నోరు మాత్రం బాగుపడలేదు.

మాది ఎమ్మిగనూరు నుంచి నందవరం పోయే దారిలో, తుంగభద్ర కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఊరు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు నర్సుగా ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. పిల్లలకు సూదులు వేశాను, కాన్పులు చేశాను, మాత్రలు మింగకుండా కొంగున ముడేసుకునే ముసలమ్మలను తిట్టి మింగించాను. ఈ ఇల్లు మా అన్నది. ఆయన కాలువ మీద లస్కరు. లస్కరంటే కాలువకు కాపలా మనిషి. పొద్దున్నే తన వంతు గట్టు పొడుగునా నడవాలి, తూముల దగ్గర షట్టర్లు ఎత్తాలి, దించాలి, గండి పడేట్టుంటే ముందే పసిగట్టాలి, దొంగతనంగా నీళ్ళు తిప్పుకునే రైతులతో పోట్లాడాలి. ఆ చివరి పని ఒక్కటే ఆయనకు చేతనయ్యేది కాదు. ఎవరైనా అడ్డంగా నీళ్ళు మళ్ళించుకుంటే, ఆ మనిషి ఇంటికి పోయి గడపలో కూర్చుని, టీ తాగి, బతిమాలి వచ్చేవాడు. ఆయనకు రావలసిన కోపం కూడా నాకే వచ్చేది.

నేను ఈ ఇంటికి వచ్చింది ఇరవై ఏడేళ్ళ వయసులో, ఒక ట్రంకుపెట్టెతో. నన్ను ఇచ్చింది ఆదోనిలో. అక్కడ ఏం జరిగిందో ఇప్పుడు చెప్పుకోవడం దండగ. ముక్కు మీద కోపం ఉన్న మనిషి ఆ ఇంట్లో ఇమడలేదు, అంతే. అప్పటికి మా వదిన చనిపోయి ఏడాది అయింది, వాళ్ళకు పిల్లల్లేరు. నేను బస్సు దిగి గట్టు మీద నడిచి వస్తుంటే అన్న ఎదురొచ్చాడు. పెట్టె అందుకుని, "సంగటి చేసినా, వేడిగా ఉంది, తిందువు రా" అన్నాడు. ఎందుకొచ్చావని ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత ముప్పై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

మా పెరటికీ కాలువ గట్టుకూ మధ్య అప్పుడు పాత జెముడు కంచె ఉండేది, మనిషి ఎత్తు దాటి. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. కాడజెముడు చూడటానికి చెట్టులా ఉండదు. ఆకు కనపడదు, అన్నీ పచ్చటి కాడలే, పెన్సిలంత లావున. నీడ ఇవ్వదు, పువ్వు పూసినా ఎవరికీ పట్టదు, మేక కూడా మూతి పెట్టదు. కాడ విరిస్తే చిక్కటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే రెండు రోజులు లోకం కనపడదు.

ఆ కంచెలో ఒక జెముడుకాకి జంట ఉండేది. పేరుకు కాకే కానీ అది కాకి కాదు. ఒళ్ళంతా నలుపు, రెక్కలు మాత్రం ఇటుక రంగు, కళ్ళు ఎర్రగా నిప్పుల్లా ఉంటాయి. కోకిలకు చుట్టమని ఎక్కడో చదివాను. కోకిలలా ఇంకొకరి గూట్లో గుడ్లు పెట్టి చేతులు దులుపుకునే రకం కాదు, తన గూడు తనే కట్టుకుంటుంది, తన పిల్లల్ని తనే మేపుకుంటుంది. ఎగరడం దానికి సరిగ్గా రాదు. మనిషి అలికిడి అయితే ఎగిరిపోకుండా, ఆలస్యమైపోయిన గుమాస్తాలాగా గబగబా నడుచుకుంటూ పొదలోకి దూరిపోతుంది. చూడాలంటే కనపడదు, గొంతు మాత్రం ఊరంతా వినిపిస్తుంది. "ఊప్ ఊప్ ఊప్ ఊప్" అని, ఖాళీ కుండలోకి నోరు పెట్టి పిలిచినట్టు. ఒకటి కూయగానే రెండోది కొంచెం బొంగురు గొంతుతో జవాబిస్తుంది. ఆ బొంగురు గొంతుదే ఆడదని మా అన్న చెప్పేవాడు.

సాయంత్రం డ్యూటీ దిగి నేను, గట్టు నడిచి ఆయన, ఇద్దరం పెరట్లో బండ మీద కూర్చుని టీ తాగేవాళ్ళం. ఆయనకు ఆ చెట్టునూ ఈ పిట్టనూ పోల్చి చూడటం ఒక కాలక్షేపం. "సూడమ్మీ, రెండూ ఒకే పొదలో ఉంటాయి, రెండిటికీ మనిషి పొడ గిట్టదు. కానీ రెండూ ఒకటి కాదు. జెముడును విరిసి పారేయి. ఎండలో నెల పడుంటుంది. ఒక్క చినుకు పడితే పడిన చోటే వేరు తంతుంది. దానికి ఇంకో జెముడు పక్కన ఉండాలని లేదు. కాకి అట్ట కాదు. జత గొంతు వినపడేంత దూరంలోనే తిరగాల. జవాబు రాకపోతే కూయడమే మానేస్తుంది."

"అయితే ఏమంటావు ఇప్పుడు?" అనేదాన్ని.

"నువ్వు జెముడువి, నేను కాకిని అంటాండా. నిన్ను ఆదోనిలో విరిసి పారేస్తే ఈడ వేరు తన్నినావు. నన్ను పారేస్తే సస్తా."

"విరిస్తే పాలు కూడా కారతాయి, కంట్లో పడతాయి, జాగ్రత్త" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ పోలిక నాకు లోపల నచ్చేది. నేను ఎవరి అండా లేకుండా బతకగలదాన్నని ఒక మనిషి గట్టిగా నమ్మడం, అదీ మెచ్చుకోలుగా చెప్పడం, నాకు ఇంకెక్కడా దొరకలేదు.

జెముడుకాకి గురించి మా పక్క ఇంకో మాట ఉంది. దాని గూట్లో సంజీవని పుల్ల ఉంటుందట. గూడును కదలకుండా తెచ్చి, పుల్లపుల్లగా విప్పి పారే నీళ్ళలో వేస్తే, అన్ని పుల్లలూ నీళ్ళతో పోతాయి, ఒక్కటి మాత్రం ఏటికి ఎదురీదుతుందట. దాన్ని అరగదీసి తాగిస్తే చావబోయే మనిషి కూడా లేచి కూర్చుంటాడట. ఈ మాట వినని వాళ్ళు ఈ తాలూకాలో లేరు. నేను నర్సు పనిలో ఉండగా ఒకసారి గోనెగండ్ల వైపు నుంచి ఒక మనిషిని ఆటోలో వేసుకొచ్చారు. ఒళ్ళంతా పసుపు కమ్మేసి, పొట్ట ఉబ్బిపోయి ఉంది. పది రోజుల ముందే రావలసిన మనిషి. ఆ పది రోజులూ గూళ్ళు వెతికారని తెలిసింది. తల్లి కొంగులో ఒక పుల్ల ముడేసుకుని, "ఇది ఎదురు పోయిందమ్మా, మేమే సూసినాము, దీన్ని అరగదీసి ఇయ్యి తల్లీ" అని నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎదురీదే పుల్లలుంటే ఈ ఆస్పత్రి ఎందుకు, నేనెందుకు!" అని అరిచి, ఆ పుల్లను కిటికీలోంచి బయటికి విసిరేశాను. కొడుకును పెద్దాసుపత్రికి పంపే చీటీ రాస్తూ తలెత్తి చూస్తే, ఆ ముసలామె కిటికీ కింద వంగి గడ్డిలో పుల్ల వెతుక్కుంటోంది.

ఆ సంగతి సాయంత్రం అన్నకు చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. మరునాడు నన్ను తూము దగ్గరికి తీసుకెళ్ళి, గోడ పక్కన ఒక గడ్డిపోచ వేసి చూపించాడు. నడి కాలువలో నీళ్ళు ముందుకు పరిగెత్తుతున్నాయి కానీ, గోడ వారన మాత్రం సుడి తిరిగి వెనక్కి వస్తున్నాయి. గడ్డిపోచ వెనక్కి నడిచింది. "ఇదమ్మీ సంజీవని. ఈడ ఏ పుల్ల ఏసినా ఎదురు పోతుంది. ఆ యమ్మ అబద్ధం సెప్పలేదు, సూసిందే సెప్పింది" అన్నాడు. నేను సరేలే అన్నాను.

నేను రిటైరైన రెండో ఏడు ఆయనకు ఆయాసం మొదలైంది. రిటైరయ్యాక కూడా మానని గట్టు నడకలో సగం దూరం పోయి కూర్చునేవాడు. ఆదోనిలో పెద్ద డాక్టరు ఫోటో తీయించి చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నాడు. వయసులో కొన్నేళ్ళు ఆయన ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ములో పనిచేశాడు. దానివల్లేనా అంటే డాక్టరు చెప్పలేనన్నాడు. నన్ను విడిగా పిలిచి, "మీరు నర్సు కాబట్టి మీకు దాచను" అని మొదలుపెట్టాడు. మిగతాది నాకు వినిపించలేదు, వినాల్సిన అవసరమూ లేదు. ఆ మాటలు నేను ఎంతమందికి చెప్పాను!

ఆక్సిజన్ మిషన్ ఇంటికి తెచ్చాం. మంచం వెనకగదిలో, పెరటి కిటికీ దగ్గర వేశాను. పడుకున్న మనిషికి ఆ కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. గట్టు, కాలువ, కంచె, అన్నీ కిటికీ అంచు కిందే ఉండిపోయాయి. నలభై ఏళ్ళు రోజూ నడిచిన గట్టు ఇరవై అడుగుల దూరంలో ఉన్నా, ఆయన దాన్ని చూడలేకపోయాడు. ఆయనకు మిగిలింది ఒక్క జెముడుకాకి కూతే. తెల్లారి అది కూయగానే కళ్ళు తెరిచేవాడు. జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టినట్టు వినేవాడు. జవాబు వచ్చాక నా వైపు చూసి, "ఇద్దరూ ఉండారు" అనేవాడు. నీళ్ళు వదిలారా, వాన పడేట్టుందా, పిట్ట తూము వైపుందా ఇటుందా, అన్నీ ఆ కూతలోంచే లెక్కగట్టి చెప్పేవాడు. అది విన్న రోజు నాలుగు ముద్దలు ఎక్కువ తినేవాడు.

నాకు మాత్రం ఆ కూత వినిపించేది కాదు. ఆ మిషన్ చప్పుడే వినిపించేది. ఆయన పోతే ఈ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడాలి అన్నదొక్కటే నా బుర్రలో తిరిగేది. ఊరందరితో పోట్లాడి పెట్టుకున్నదాన్ని. నా తిట్లకు నవ్వే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

శ్రావణమాసం వచ్చింది. ఎదురింటి ఆమెను అన్న దగ్గర కూర్చోబెట్టి, దేవుడికి ఎప్పుడూ దండం పెట్టని నేను, ఉరుకుంద తిరునాళ్ళ బస్సెక్కాను. నిలబడే చోటు లేదు. కాలువలో మునిగి, తడి చీరతో ఈరన్న గుడి ముందు వరసలో నిలబడి మొక్కుకున్నాను. ఏం మొక్కుకోవాలో కూడా సరిగ్గా తెలియక, "నాకోసం ఉంచు" అన్నాను. తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాలువ నీళ్ళనే చూస్తూ వచ్చాను. నీళ్ళన్నీ ఒకే వైపు పోతున్నాయి. ఊరు చేరేలోపు నా మనసులో నిర్ణయం అయిపోయింది. అది నేను తీసుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక కొడవలి తీసుకుని కంచెలోకి దూరాను. గూడు ఎక్కడుందో నాకు తెలుసు, ఆయనే ఒకప్పుడు చూపించాడు. చిన్న కుండంత ఉంది, పుల్లలూ గడ్డీ ఆకులూ కలిపి గుండ్రంగా అల్లింది. పక్కన ఒక తలుపులాంటి సందు. కాడలు నరుకుతుంటే పాలు చిమ్మాయి, ఎడమ కంట్లో ఒక చుక్క పడింది. మంటకు నోట్లోంచి అరుపు వచ్చింది కానీ మింగేశాను. ఎక్కడో దగ్గర్లోనే ఆ పిట్ట, కూయకుండా, పామును చూసినప్పుడు చేసే బుసలాంటి చప్పుడు చేస్తూ అటూ ఇటూ పరిగెత్తుతోంది. గూట్లో మూడు తెల్లటి గుడ్లు ఉన్నాయి. ఒకటి ఇంకా వెచ్చగా ఉంది. ముప్పై ఏళ్ళు పురుళ్ళు పోసిన చేతులు నావి. ఆ మూడింటినీ కంచె మొదట్లో గడ్డి మీద పెట్టి, గూడును తువ్వాలులో చుట్టుకుని తూము దగ్గరికి నడిచాను.

మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క పుల్లే విప్పి నీళ్ళలో వేశాను. నడి కాలువలోకి విసిరాను, సుడి దగ్గరికి పోనివ్వకూడదని. అంత మటుకు నాకు నిజాయితీ ఉంది. వేప పుల్ల పోయింది, తుమ్మ పుల్ల పోయింది, గడ్డి పోయింది. ఎండిన జొన్న ఆకు పోయింది. గూడు సగమైంది, పావు అయింది, ఏదీ ఎదురీదలేదు. చివరికి గుప్పెడు పుల్లలు మిగిలాయి. అప్పుడు లేచి నాలుగడుగులు నడిచి గోడ వారకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు. వేసిన మొదటి పుల్లే వెనక్కి తిరిగి రెండు మూరలు ఎదురు నడిచింది. నేను గబుక్కున వంగి దాన్ని పట్టుకున్నాను, జారిపోతే మళ్ళీ దొరకదన్నట్టు. అది తంగేడు పుల్ల. మా పెరట్లోనే బోలెడు ఉంది. దాన్ని కొంగులో ముడేసుకున్నాను. గోనెగండ్ల ముసలామె ముడేసుకున్నట్టే.

గంధపు సాన మీద అరగదీసి తేనెలో కలిపి ఇచ్చాను. "ఏందమ్మీ ఈ వగరు?" అన్నాడు. శొంఠి అన్నాను. నా ముఖంలోకి చూసి, "కన్నేంది, ఎర్రగా వాసింది?" అన్నాడు. "దుమ్ము పడింది" అన్నాను. బయట మూడు రోజులుగా ముసురు, రోడ్డంతా బురద. ఆయన ఇంకేమీ అడగకుండా గిన్నెలో ఉన్నది చుక్క మిగలకుండా తాగేశాడు.

తర్వాతి పొద్దున పిట్ట కూయలేదు.

ఆయన కళ్ళు తెరిచి చాలాసేపు కిటికీ వైపే చూశాడు. ఆ తర్వాతి రోజూ కూయలేదు. నేను పోయి కంచె మొదట్లో చూశాను. గుడ్లు లేవు, ముంగిసో పామో తినేసి ఉంటుంది. "జెముడుకాకి సప్పుడే లేదే" అన్నాడు మూడో రోజు. "ముసురు కదన్నా, పొదలో ముడుచుకుని ఉంటుంది" అన్నాను. "ముసురుకు ఇంకా ఎక్కువ కూస్తుంది" అన్నాడు, మెల్లగా, నన్ను తప్పుపట్టినట్టు కాకుండా. వారం గడిచింది. అన్నం తగ్గించాడు. పొద్దున కళ్ళు తెరవడం మానేశాడు. మెలకువగానే ఉండి కళ్ళు మూసుకుని పడుకునేవాడు. పుల్ల ఏ పనీ చేయలేదని నాకు ముందే తెలుసు. అది చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయనకు మిగిలిన ఒక్కదాన్ని నా చేతులతోనే తీసేశాను. ఆయన లేకుండా నేను బతకలేనని, ఆయన్ని బతికించుకోవాలని చేశాను కానీ, ఆయనకు ఏం కావాలో ఒక్క క్షణం ఆలోచించలేదు. నేను మంచిదాన్ని కాదని ఆ వారంలో నాకు బాగా తెలిసింది.

పదో రోజు తెల్లవారకముందే లేచి, చప్పుడు కాకుండా తలుపు తీసుకుని, కంచె వెనక కూర్చున్నాను. రెండు చేతులూ దొప్పలా నోటికి పెట్టుకుని కూశాను. "ఊప్ ఊప్ ఊప్ ఊప్." ముప్పై ఐదేళ్ళు విన్నదాన్ని, బాగానే వచ్చిందనుకున్నాను. రెండోసారి కూస్తుంటే మధ్యలో దగ్గు వచ్చింది. నాకు పొద్దుటి చలికి పొడిదగ్గు వస్తుంది. నోరు మూసుకుని ఆపుకున్నాను. అరవై దాటిన ఆడమనిషి, మాజీ నర్సు, ఊరందరికీ బుద్ధులు చెప్పిన మనిషి, చెట్టు చాటున కూర్చుని కాకిలా కూస్తోంది. ఎవరైనా చూసి ఉంటే నాకు పిచ్చి పట్టిందని ఉరుకుందకే తీసుకుపోయేవాళ్ళు.

లోపలికి వెళ్ళి ఏమీ ఎరగనట్టు టీ పెట్టాను. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాడు. "కూసింది" అన్నాడు. "అవునా? నేను వినలేదు" అన్నాను. ఆ పూట రెండు ఇడ్లీలు తిన్నాడు.

అలా రోజూ చేశాను. నాలుగో రోజో ఐదో రోజో, నేను కూసి ఊపిరి పీల్చుకుంటుంటే, ఇంట్లోంచి జవాబు వచ్చింది. "ఊప్… ఊప్." రెండే. మూడోదానికి ఆయనకు ఊపిరి చాలలేదు. బొంగురుగా, మిషన్ చప్పుడు మీదుగా, కిటికీలోంచి వచ్చింది. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. లోపలికి పోవడానికి ముఖం చెల్లలేదు. చివరికి వెళితే, ఆయన పైకప్పు వైపు చూస్తూ, "కాకులకు ఈ మధ్య దగ్గు పట్టుకున్నట్టుందే. జెముడుకాకికి దగ్గు రాదమ్మీ" అన్నాడు.

నేను మంచం పక్కన కూర్చున్నాను.

"పుల్ల ఎదురు పోయిందా?" అన్నాడు.

"రెండు మూరలు పోయింది."

"గోడ కాడనా?"

"ఊఁ."

ఆయన భుజాలు ఊగాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది, ఎందుకంటే నవ్వుకు సరిపడా ఊపిరి లేదు. "నేనే సూపించినా గదే నీకు" అన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని, "గుడ్లుండెనా?" అని అడిగాడు. మూడని చెప్పాను. ఆయన తల ఊపాడు. నా చేయి వదలలేదు. తిట్టి ఉంటే నాకు సగం బరువు తగ్గేది. ఆయనకు తిట్టడం ఎప్పుడూ రాలేదు.

ఆ తర్వాత దాదాపు నెలన్నర రోజూ పొద్దున్నే అదే మాకు పలకరింపు. నేను కంచె వెనక నుంచి కూసేదాన్ని, ఆయన మంచం మీద నుంచి జవాబిచ్చేవాడు. ఒక రోజు రెండు, ఒక రోజు ఒకటి. కొన్ని రోజులు గొంతు లేకుండా గాలి మాత్రమే వచ్చేది. అదీ నాకు వినిపించేది. నా జీవితంలో నేను ఒక మనిషితో అంత బాగా మాట్లాడింది ఆ నెలన్నరే అనిపిస్తుంది.

కార్తీకం మొదట్లో ఒక పొద్దున కూశాను. జవాబు రాలేదు. గాలి వినపడుతుందేమోనని చెవి ఒగ్గాను. మిషన్ చప్పుడు ఒక్కటే వస్తోంది. ఇంకోసారి కూశాను. మూడోసారి కూశాను. నర్సును, లోపల ఏముందో నాకు తెలుసు. తెలిసి కూడా, తెల్లారి ఎండ వచ్చేదాకా అక్కడే కూర్చుని కూస్తూనే ఉన్నాను.

ఆయన పోయిన మరుసటి ఎండాకాలం కాలువ గట్టు బాగుచేశారు. పొక్లెయిన్ వచ్చి మా జెముడు కంచెను వేళ్ళతో సహా పెరికి, ముక్కలు ముక్కలుగా గట్టు మీద పోసి పోయింది. ఆ ముక్కలు రెండు నెలలు ఎర్రటి ఎండలో పడున్నాయి. మొదటి వానకే పడినవి పడినట్టు వేరు తన్నాయి. మా అన్న చెప్పింది అక్షరాలా నిజం. వాటినే ఏరుకొచ్చి ఇంటి చుట్టూ గుచ్చాను. ఇప్పుడు నడుము ఎత్తు దాటాయి. వాటికి నేను నీళ్ళు పోయను, అవి నన్ను అడగవు.

జెముడు గురించి ఆయన చెప్పిందంతా నిజమే, నా గురించి చెప్పిందే తప్పు. నేను జెముడును కాను. ముప్పై ఐదేళ్ళు నేను వేరు తన్నాననుకున్నది ఈ నేలలో కాదు, ఆయన జవాబులో. ఆదోనిలో ఉండే మా పిన్ని కూతురు వచ్చేయమంటుంది, ఇక్కడ ఒక్కదానివే ఏం చేస్తావంటుంది. ఏం చేస్తాను? పొద్దున లేస్తాను. ఒక గ్లాసు టీ పెట్టబోయి రెండు గ్లాసుల నీళ్ళు పోస్తాను, ఒకటి పారబోస్తాను. ఎవరినన్నా తిట్టాలనిపిస్తే తిడతాను. ఆ తర్వాత ఇంటికొచ్చి చెప్పడానికి ఎవరూ ఉండరు కాబట్టి, ఈ మధ్య తిట్టడం కూడా తగ్గింది. నోరు బాగుపడిందని ఊళ్ళో అనుకుంటున్నారట.

ఈ శ్రావణంలో ఒక జెముడుకాకి వచ్చింది. నా కంచె ఇంకా దాన్ని దాచేంత గుబురు కాలేదు, అయినా వచ్చింది. ఒక్కటే. తెల్లారి కూసి ఆగుతుంది, మళ్ళీ కూసి ఆగుతుంది. ఎక్కడి నుంచీ జవాబు రాదు. నాలుగు రోజులు మంచం మీద పడుకుని, ఆయన విన్నట్టే కళ్ళు తెరిచి విన్నాను. జవాబు రాకపోతే కూయడం మానేస్తుందని ఆయన అన్న మాట గుర్తొచ్చి భయం వేసింది. ఐదో రోజు లేచి, వెనకగది కిటికీ దగ్గర, ఆయన మంచం పక్కనే నిలబడి, చేతులు నోటికి దొప్పలా పెట్టుకుని, బొంగురు గొంతుతో జవాబిచ్చాను.

అది టక్కున ఆగింది. వింటోందని తెలుస్తూనే ఉంది. తర్వాత కొంచెం దగ్గరగా, కంచె ఈ చివర నుంచి, మళ్ళీ కూసింది. నేను రెండోసారి జవాబివ్వబోయాను, మధ్యలో దగ్గు వచ్చేసింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. కంచెలో కాడలు కదిలిన చప్పుడు, గట్టు మీద గబగబా నడిచిపోయిన చప్పుడు వినిపించాయి.

జెముడుకాకికి దగ్గు రాదని దానికీ తెలిసిపోయింది. నాకు నవ్వొచ్చింది, అలవాటుగా మంచం వైపు తిరిగాను. గదిలో నవ్వడానికి ఇంకెవరూ లేరు.